హాస్టల్లో ఉన్న అబ్బాయి "బానే ఉంది" తప్ప ఇంకేమీ చెప్పడం లేదంటే

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీ అబ్బాయికి పదహారేళ్ళు, ఎంపీసీ మొదటి సంవత్సరం, ఊరికి దూరంగా ఒక కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఉంటున్నాడు. పదో తరగతి దాకా బడి నుంచి రాగానే వంటింటి గట్టెక్కి కూర్చుని అన్నీ చెప్పేవాడు. ఇప్పుడు ఆదివారం ఫోన్‌లో "ఆ", "ఊఁ", "బానే ఉంది" తప్ప మాట రావడం లేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళ అమ్మమ్మతో గంటల తరబడి మాట్లాడాడు గాని మీతో మాట్లాడలేదు. మీవారు గట్టిగా అడిగితే గొడవై, అన్నం తినకుండా పడుకున్నాడు. అతణ్ణి ఎలా మాట్లాడించాలి, పెద్దయ్యాక కూడా ఇలాగే ఉండిపోతాడా అని అడిగారు.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలు చెబుతాను. అతణ్ణి మాట్లాడించే ప్రయత్నం కొన్నాళ్ళు మానేయండి. అతను ఏదైనా చెప్పినప్పుడు ఆ మాటకు మీ ఇంట్లో ఏ గతి పడుతోందో గమనించండి. చెప్పిన సంగతికి ప్రతిఫలంగా ఉపన్యాసమో, తిట్లో, కన్నీళ్ళో, మర్నాడు బంధువుల ఫోనో వస్తుంటే ఏ వయసు బిడ్డైనా చెప్పడం తగ్గిస్తాడు. అవేవీ రావన్న నమ్మకం కుదిరితే అడగకుండానే చెబుతాడు. ఆ నమ్మకం ఒక్క సెలవుల్లో కుదిరేది కాదు, నెలలు పడుతుంది. అయితే పదహారేళ్ళ వయసులో సమయం మించిపోయిందని మాత్రం అనుకోకండి.

నేను ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్ళు జంతుశాస్త్రం బోధించి, ఆ తర్వాత విద్యార్థులకూ వాళ్ళ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ చేసే పనిలోకి వచ్చాను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది అడిగేది మీరడిగిన ప్రశ్నే. వాళ్ళను బయట కూర్చోబెట్టి పిల్లలతో విడిగా మాట్లాడితే, పిల్లలు చెప్పేది కూడా ఇంచుమించు ఒకటే: "చెబితే ఇంకా పెద్దదవుతుంది సార్." పెద్దవాళ్ళకు ఇది మొండితనంగా కనిపిస్తుంది. నిజానికి ఇది పిల్లవాడు వేసుకున్న లెక్క. ఒక సంగతి తనలోనే ఉంటే ఎంత బరువు, ఇంట్లో తెలిస్తే ఎంత బరువు అని బేరీజు వేసుకుని, మొదటిదే తక్కువని తేల్చుకున్నాడు.

ఈ విషయంలో నాకు బాగా ఉపయోగపడిన పరిశోధన ఒకటుంది. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పద్నాలుగేళ్ళ పిల్లలనూ వాళ్ళ తల్లిదండ్రులనూ అడిగి తెలుసుకున్న విషయాలను 2000లో ప్రచురించారు. పిల్లల గురించి బాగా తెలిసిన తల్లిదండ్రులకు ఆ సంగతులు ఎలా తెలిశాయన్నది వాళ్ళు వేసుకున్న ప్రశ్న. అంతవరకూ అందరూ అనుకున్నది ఏమిటంటే, బాగా నిఘా పెట్టే తల్లిదండ్రులకు బాగా తెలుస్తుందని. తేలింది వేరు: తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పినదే, ప్రశ్నలు వేసి రాబట్టినదీ, కట్టడి చేసి కనిపెట్టినదీ తక్కువ. మన ఇళ్ళకు ఇది వర్తించదని కొందరు నాతో వాదించారు. నా అనుభవంలో ఇక్కడ మరింత బాగా వర్తిస్తుంది, ఎందుకంటే హాస్టల్లో ఉన్న బిడ్డ మీద నిఘా మీ చేతుల్లో లేనే లేదు. అది వార్డెన్ చేతుల్లో ఉంది.

ఇక మీ ఆదివారం ఫోన్ సంగతి చూద్దాం. అది ఎక్కడ జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. చాలా హాస్టళ్ళలో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. ఇన్‌ఛార్జి బల్ల దగ్గరో, మెట్ల పక్కనో ఉన్న ఫోన్‌లో వంతుల వారీగా మాట్లాడాలి. వెనక నలుగురు నిలబడి "తొందరగా కానీరా" అంటుంటారు. ఆ కాస్త సమయంలో మనం వేసే ప్రశ్నల వరస కూడా దాదాపు అందరి ఇళ్ళలో ఒకటే: తిన్నావా, బాగా చదువుతున్నావా, ఈ వారం టెస్టులో ఎన్ని వచ్చాయి, పోయిన వారం కంటే ఎందుకు తగ్గాయి. పైగా ఆ మార్కులు కళాశాల యాప్‌లోనో మెసేజ్‌లోనో మీ ఫోన్‌కు ముందే వచ్చేసి ఉంటాయని అతనికి తెలుసు. తెలిసి కూడా అడుగుతున్నారంటే అది ప్రశ్న కాదు, సంజాయిషీ అడగడం. ఆ స్థితిలో పదహారేళ్ళ కుర్రవాడు "బానే ఉంది" అనక ఏమంటాడు?

కాబట్టి ఆ ఫోన్‌ను సంజాయిషీ నుంచి విడదీయండి. మార్కుల సంగతి అసలు ఎత్తకూడదని నేను అనడం లేదు. దానికి నెలకొక రోజు పెట్టుకోండి, ఆ రోజు ఏదో అతనికీ తెలిసి ఉండాలి. మిగతా వారాల్లో ముందు మీ ఇంటి సంగతులు మీరు చెప్పండి. వీధిలో కుక్క పిల్లల్ని పెట్టిందనో, మీరు పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తే వాళ్ళ నాన్న మాట్లాడకుండా తినేశారనో, పక్కవాటా వాళ్ళు ఖాళీ చేస్తున్నారనో చెప్పండి. అవి పనికిరాని కబుర్లు కావు. ఇంట్లో తన చోటు తనకింకా ఉందన్న భరోసా పిల్లవాడికి వాటి వల్లే కలుగుతుంది. అడగాలనిపిస్తే చిన్నదీ నిర్దిష్టమైనదీ అడగండి. "ఎలా ఉంది?" అంటే "బానే ఉంది" అనే వస్తుంది. "ఈ ఆదివారం మెస్‌లో చికెన్ ఎలా ఉంది, నీ పక్క మంచం వాడి జ్వరం తగ్గిందా?" అంటే రెండు వాక్యాలు రావచ్చు. రాకపోతే వదిలేయండి.

ఇంకొక చిన్న ఏర్పాటు తప్పకుండా చేసుకోమని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను. నలుగురి ముందు చెప్పలేని కష్టం వచ్చినప్పుడు వాడే మామూలు వాక్యం ఒకటి అనుకుని ఉంచుకోండి. ఒక కుటుంబంలో అది "అమ్మమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?" అనే ప్రశ్న. పిల్లవాడు ఆ ప్రశ్న అడిగాడంటే వీలైనంత త్వరగా వచ్చి కలవమని అర్థం. వార్డెన్ వింటున్నా, వెనక వరసలో వాళ్ళు వింటున్నా ఎవరికీ అనుమానం రాదు. ఈ వాక్యం వాడినందుకు అతణ్ణి ఎప్పుడూ కోప్పడకూడదు. మీరు బస్సెక్కి వెళ్ళాక "ఏం లేదమ్మా, చూడాలనిపించింది" అన్నా సరే, కోప్పడకూడదు.

అమ్మమ్మతో మాట్లాడుతున్నాడని మీరు కొంచెం నొచ్చుకున్నట్టు మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. నొచ్చుకోకండి, అది మంచి సూచన. మాట్లాడే శక్తి, ఇష్టం అతనిలో పోలేదన్నమాట. అమ్మమ్మ ర్యాంకు అడగదు, విన్నది విని "పోనీలే నాయనా" అంటుంది, మర్నాటికి సగం మర్చిపోతుంది. ఆమె దగ్గర చెప్పిన మాటకు తర్వాత వడ్డీ కట్టాల్సిన పని లేదు. మీరు చేయకూడని పని ఒక్కటే: "వాడు నీతో ఏమన్నాడమ్మా?" అని ఆమెను కూర్చోబెట్టి అడగడం. అలా ఒక్కసారి జరిగి అతనికి తెలిస్తే ఆ తలుపు కూడా మూసుకుపోతుంది.

మీవారి విషయం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే తెలుగు ఇళ్ళలో చిక్కు చాలా వరకు ఇక్కడే ఉంటుందని నా అభిప్రాయం. పిల్లవాడికి రెండు మూడేళ్ళు ఉన్నప్పటి నుంచీ "నాన్నగారు రానీ, చెబుతా నీ పని" అంటాం. తండ్రికి ఇష్టం ఉన్నా లేకపోయినా ఆయనను ఇంటి పోలీసుగా నియమిస్తాం. ఆ తర్వాత డబ్బు కావాలన్నా, స్నేహితుడి అక్క పెళ్ళికి వెళ్ళాలన్నా తల్లి ద్వారానే అర్జీ పోతుంది, తల్లి ద్వారానే జవాబు వస్తుంది. ఈ మధ్యవర్తిత్వంలో తల్లి మాటను కొంత మెత్తబరుస్తుంది, కొంత దాస్తుంది, "నాన్నకు చెప్పకులే" అని కొంత కలుపుతుంది. ఇంటర్‌కు వచ్చేసరికి తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉండి పదేళ్ళుగా నేరుగా మాట్లాడుకోని మనుషులవుతారు. అలాంటి తండ్రి హఠాత్తుగా ఒక సాయంత్రం కొడుకును ఎదురుగా నిలబెట్టి "నీ మనసులో ఏముందో చెప్పు" అంటే చెప్పలేడు. అందులో కొడుకు తప్పూ లేదు, తండ్రి తప్పూ లేదు. ఇద్దరికీ అలవాటు లేదు, అంతే.

దీనికి విరుగుడు పెద్ద సంభాషణ కాదు. మీరు ఆ రాయబారం నుంచి నెమ్మదిగా తప్పుకోవాలి. "నాన్నను నువ్వే అడగరా, వరండాలోనే ఉన్నారు" అనడంతో మొదలుపెట్టండి, అది కూడా చెప్పుల కొలత, బస్సు టికెట్టు లాంటి చిన్న విషయాలతో. మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి: ఎదురెదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ మాట్లాడడం ఈ వయసు మగపిల్లలకు విచారణలా అనిపిస్తుంది. పక్కపక్కన ఉండి, చేతిలో ఏదో పని ఉన్నప్పుడు మాట సులువుగా వస్తుంది. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, మోటారు బాగుచేస్తున్నప్పుడు, కొబ్బరికాయలు ఒలుస్తున్నప్పుడు నేను విన్నన్ని నిజాలు కౌన్సెలింగ్ గదిలో వినలేదు.

సమయం కూడా ముఖ్యమే. యౌవనంలోకి వచ్చేటప్పుడు శరీరంలోని నిద్ర గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే ఈ పిల్లలు తెల్లవారి మగతగా, రాత్రి పదిన్నరకు చురుగ్గా ఉంటారు. మనం ఉదయం కాఫీ దగ్గర అడుగుతాం, వాళ్ళు చెప్పేది రాత్రి మనం పక్కలు సర్దేటప్పుడు. ఆ సమయంలో అతను వచ్చి గుమ్మం దగ్గర ఊరికే నిలబడితే "పడుకోరా, రేపు మాట్లాడదాం" అనకండి. రేపు ఆ మాట రాదు.

ఒక తండ్రి సంగతి చెబుతాను. పల్నాటి వైపు ఎరువుల దుకాణం నడిపే మనిషి, మంచివాడు, గొంతు పెద్దది. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నా దగ్గరికి వచ్చారు. ఈసారి అబ్బాయిని హాస్టల్‌కు పంపేటప్పుడు ఆటో ఎక్కించకుండా తానే బండి మీద బస్టాండుకు తీసుకెళ్ళమనీ, దారిలో అతను ఏం మాట్లాడినా "ఊఁ", "తర్వాత?" అనే రెండే మాటలు అనమనీ చెప్పాను. మొదటిసారి పిల్లవాడు క్రికెట్ గురించి మాట్లాడాడు. ఆ తర్వాత సెలవులకు వచ్చి వెళ్ళేటప్పుడు బస్సు ఆలస్యమైంది. సోడా బండి దగ్గర నిలబడి ఉండగా, "నాన్నా, నాకు ఫిజిక్స్ ఎక్కట్లేదు, దసరా నుంచి టెస్టు పేపర్లు సగం ఖాళీగానే ఇస్తున్నా" అన్నాడట. తండ్రి "ఊఁ" అన్నాడు. "నేను ఐఐటీకి పనికిరాను." "తర్వాత?" "సీఏ చదవాలనుంది." ఆయనకు చెయ్యి వణికిందని నాతో అన్నారు, ఎందుకంటే అప్పటికే రెండేళ్ళ ఫీజు కట్టేశారు. కొడుకుతో మాత్రం ఇలా అన్నారు: "ఈ సంగతి ఎప్పటి నుంచి మోస్తున్నావురా? సరే, బస్సొస్తోంది, ఎక్కు. వచ్చే ఆదివారం మాట్లాడదాం. ఈలోగా నేను ఎవరితోనూ అనను."

ఆయన నిజంగానే ఎవరితోనూ అనలేదు, భార్యతో తప్ప, అదీ కొడుకును అడిగి. ఆ అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు, జేఈఈ వదిలేశాడు, బీకాంలో చేరి సీఏ ఫౌండేషన్‌కు కూర్చున్నాడు. తండ్రికి ఆ నిర్ణయం ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు, ఆ సంగతి కొడుక్కి తెలుసు కూడా. అయినా ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. చాలామంది పొరబడేది ఇక్కడే: వినడం అంటే ఒప్పుకోవడం కాదు. బిడ్డ అడిగినదానికి "వద్దు" అని చెప్పే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే ఆ "వద్దు" మాట పూర్తిగా విన్న తర్వాత, వీలైతే మర్నాడు రావాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి ఇంకొకటి. బైపీసీ చదివే ఒక అమ్మాయి, తన గదిలో ఉండే స్నేహితురాలు ఒక అబ్బాయికి ఉత్తరాలు రాస్తోందని తల్లితో చెప్పింది. చెప్పింది తన గురించి కాదు, కేవలం కబురుగా. తల్లి ఆ రాత్రే తన చెల్లెలికి ఫోన్ చేసింది. మర్నాడు పిన్ని ఫోన్ చేసి, "ఏమ్మా, అలాంటి వాళ్ళతో తిరుగుతున్నావట" అంది. తల్లికి దురుద్దేశం ఏమీ లేదు, భయం వేసి అక్కచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు, అంతే. కానీ ఆ అమ్మాయి తర్వాతి సంవత్సరమంతా హాస్టల్లో తనకు జరిగిన ర్యాగింగ్ సంగతి కూడా ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నేనడిగితే, "అమ్మకు చెబితే ఆరుగురికి చెప్పినట్టే కదా సార్" అంది. మన బంధుత్వాలు గొప్పవే, కష్టంలో ఆదుకుంటాయి కూడా. అయినా బిడ్డ చెప్పిన మాట బిడ్డ ఆస్తి. దాన్ని ఇంకొకరికి ఇచ్చే ముందు అడగాలి. పరీక్షా ఫలితాల రోజున బంధువులకు హాల్ టికెట్ నంబరు ఇవ్వడం కూడా ఈ కోవలోనిదే. ఫలితం ముందు పిల్లవాడు చూసుకోవాలి, తర్వాత మీరు, ఆ తర్వాత అతను సరేనంటే మిగతావాళ్ళు.

ఫీజుల మాట కూడా చాలా ఇళ్ళలో నోరు నొక్కేస్తుంది. "నీ కోసం పొలం తాకట్టు పెట్టాం" అన్నది నిజమే కావచ్చు. ఇంటి ఆర్థిక పరిస్థితి పిల్లలకు తెలియాలనే నేనూ అంటాను. కానీ దాన్ని ప్రశాంతంగా ఉన్న రోజున, కాగితం మీద లెక్క చూపించి చెప్పండి. మార్కులు తగ్గిన రోజున చెబితే అది బాకీ పత్రం అవుతుంది, బాకీ ఉన్నవాడు ఎదురుపడడానికి జంకుతాడు. పక్కింటి అబ్బాయితో పోలికల గురించి నేను ప్రత్యేకంగా రాయనక్కర్లేదు, అవి పనిచేయవని పోల్చేవాళ్ళకు కూడా తెలుసు.

మన పెద్దవాళ్ళు తరచూ చెప్పే శ్లోకం ఒకటుంది: "లాలయేత్ పంచ వర్షాణి, దశ వర్షాణి తాడయేత్, ప్రాప్తే తు షోడశే వర్షే పుత్రం మిత్రవదాచరేత్." ఐదేళ్ళ దాకా ముద్దు చేయాలి, ఆ తర్వాత పదేళ్ళు దండించాలి, పదహారో ఏడు వచ్చాక కొడుకును మిత్రుడిలా చూడాలి అని దాని భావం. మధ్య పాదంతో నేను ఏకీభవించను. కొట్టిన చేతికి పిల్లవాడు నిజం చెప్పడు, అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు. బడుల్లో శారీరక దండనను విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది కూడా. చివరి పాదం మాత్రం మీ అబ్బాయి వయసుకు అక్షరాలా సరిపోతుంది, కాకపోతే దాన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. మిత్రుడిలా ఉండడం అంటే అతని భాషలో మాట్లాడడం, అతని ఇన్‌స్టాగ్రామ్‌లో చేరడం కాదు. మిత్రుడితో మనం ఎలా మాట్లాడతామో చూడండి: గది తలుపు తట్టి వెళతాం, నలుగురిలో చిన్నబుచ్చం, అడగనిదే సలహా ఇవ్వం, తప్పు మాట జారితే ఒప్పుకుంటాం.

ఆ ఒప్పుకోవడం గురించి ఒక మాట. దసరా రోజు మీవారు అన్న మాటల్లో ఎక్కువైనవి ఉంటే, ఆ ముక్క ఆయనే చెప్పడం మంచిది. మన ఇళ్ళలో తండ్రులు క్షమాపణ నోటితో చెప్పరు, "అన్నం తిందువు రా" అని పిలుస్తారు, లేదా మర్నాడు బజారు నుంచి ఇష్టమైన మిఠాయి తెస్తారు. పిల్లలకు అది అర్థమవుతుంది, నేను కాదనను. కానీ పదహారేళ్ళవాడికి మాటగా కూడా వినిపించాలి. "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందిరా" అంటే చాలు. దాని వెనకే "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే మొదటి వాక్యం రద్దయిపోతుంది.

ఇప్పుడు హెచ్చరికలు. పైన రాసినదంతా మామూలు మౌనానికి వర్తిస్తుంది. ఈ వయసులో కొంత దూరం జరగడం ఎదుగుదలలో భాగమే. కానీ అతను అమ్మమ్మతోనూ, స్నేహితులతోనూ కూడా మాట్లాడడం మానేస్తే, నిద్ర, ఆకలి బాగా మారిపోతే, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలకు పైగా అలాగే ఉంటే, అది మాటలతో సరిచేసేది కాదు, సైకియాట్రిస్టుకు చూపించాలి. "నేను లేకపోతే మీకే సుఖం" లాంటి మాట వచ్చినా, తనకు ప్రియమైన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నా ఆలస్యం చేయకండి. అప్పుడు "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అలాంటప్పుడు ఒంటరిగా వదలకండి, హాస్టల్ నుంచి వెంటనే తెచ్చుకోండి, పరీక్ష ఎంత దగ్గరలో ఉన్నా సరే. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మీరు కూడా చేయవచ్చు, పిల్లవాడే చేయాలని లేదు.

రెండో హెచ్చరిక రహస్యాల గురించి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అని బిడ్డ అడిగితే గుడ్డిగా ఒట్టు వేయకండి. "నీ ప్రాణానికీ ఒంటికీ ప్రమాదం ఉన్నదైతే తప్ప ఎవరికీ చెప్పను, చెప్పాల్సి వస్తే ముందు నీతో చెప్పి చేస్తాను" అనండి. ఎవరైనా లైంగికంగా వేధించారని పిల్లలు చెబితే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ విషయాన్ని పోలీసులకు తెలపాలి. పరువు కోసం ఇంట్లోనే సర్దుకోవడం చట్టరీత్యా తప్పు, బిడ్డకు అంతకంటే పెద్ద ద్రోహం. పిల్లల సహాయ నంబరు 1098.

మూడోది కళాశాల గురించి. సమస్య అంతా మీ ఇంట్లోనే ఉందని అనుకోకండి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలనీ, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానాలనీ అందులో ఉంది. ఈసారి ఔటింగ్‌కు వెళ్ళినప్పుడు కౌన్సెలర్ ఎవరు, పిల్లలు వాళ్ళను ఎలా కలవవచ్చు అని ప్రిన్సిపాల్‌ను మర్యాదగా అడగండి. జవాబు తడబడితే మీకు కొంత అర్థమవుతుంది. అడిగారన్న సంగతి మీ అబ్బాయికి ముందే చెప్పి అడగండి, లేకపోతే క్లాసులో తనకేమవుతుందోనని భయపడతాడు.

చివరగా, పెద్దయ్యాక కూడా ఇలాగే ఉంటాడా అన్నారు. అలవాటు మారకపోతే ఉండవచ్చు, అప్పుడు దాని రూపం వేరుగా ఉంటుంది. విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు, ఆయన కూతురు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తోంది. రోజూ వీడియో కాల్, రోజూ "బాగున్నాం, నువ్వు బాగున్నావా". ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు, కంగారుపడుతుందని కూతురికి చెప్పలేదు. అదే సమయంలో ఆమె ఉద్యోగం పోయింది, నాన్న బీపీ మనిషని ఆమె చెప్పలేదు. వారాల తరబడి ఇద్దరూ కెమెరా ముందు నవ్వుతూ కూరల గురించి మాట్లాడుకున్నారు. చివరికి ఎవరో బంధువు వాట్సాప్ గ్రూపులో "బావగారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది?" అని రాస్తే బయటపడింది. ఆమెకు జబ్బు గురించి కలిగిన దుఃఖం కంటే, ఇన్నాళ్ళూ విన్న "బాగున్నాం"లో ఎన్ని నిజమో తెలియకపోవడం వల్ల కలిగిన అశాంతి ఎక్కువ.

వాళ్ళిద్దరితో కూర్చుని మేం ఒక ఒప్పందం రాశాం. ఆస్పత్రిలో చేరడం, ఆపరేషన్, ఉద్యోగం పోవడం, అప్పు చేయడం, ఈ నాలుగింటిలో ఏది జరిగినా అదే రోజు రెండో పక్కకు చెప్పాలి. చెప్పిన రోజు విన్నవాళ్ళు సలహా ఇవ్వకూడదు, టికెట్ కొంటాననకూడదు, ఏడిస్తే ఏడవచ్చు. సలహాలేవైనా ఉంటే మర్నాటి కాల్‌లో. ఆమెకు మళ్ళీ ఉద్యోగం దొరికింది. మొన్న ఆయనకు కంటి శుక్లం తీసిన రోజున ఆస్పత్రి వరండాలోంచే ఫోన్ చేశారు. కంటి ఆపరేషన్ కూడా ఆ లెక్కలోకి వస్తుందా అని ముందు నన్ను అడిగారు, వస్తుందన్నాను.